కోడ్ చెరిపితే పని అయిపోయినట్టు కాదు

కారు రిపేరయ్యాక, ఇంజిన్ లైటు వెలిగించిన లోపం కోడ్ చెరిపేసి ఓ అరగంట బండి తిప్పితే చాలని వ్యాసంలో రాశారు. అంత తేలిక కాదండీ. కోడ్ చెరపగానే మానిటర్లు, అంటే కాలుష్య నియంత్రణ భాగాలపై కారు కంప్యూటర్ తనంతట తాను చేసే పరీక్షలు, చాలావరకు ‘పూర్తి కాలేదు’ అనే చోటికి వెళ్లిపోతాయి. బ్యాటరీ వైరు పీకినా చాలా బండ్లలో ఇదే తంతు. మిస్‌ఫైర్ (సిలిండర్లో ఇంధనం సరిగా మండకపోవడం) లాంటివి త్వరగానే తేలతాయి. ఏడిపించేది ఈవాప్, అంటే ట్యాంకులోని ఇంధన ఆవిరి బయటకు పోకుండా పట్టే వ్యవస్థ పరీక్ష. ఇంజిన్ రాత్రంతా చల్లారాక స్టార్ట్ చేయాలి, ట్యాంకులో ఇంధనం సుమారు 15 నుంచి 85 శాతం మధ్య ఉండాలి. ఫుల్ ట్యాంకుతో ఎంత తిప్పినా ఆ పరీక్ష మొదలే కాదు (నేనూ అలా తిప్పినవాణ్నే లెండి!). క్యాటలిస్ట్ (పొగను శుభ్రం చేసే భాగం) పరీక్షకేమో ట్రాఫిక్‌లో ఆగి ఆగి వెళ్తే కుదరదు, కొన్ని నిమిషాలు ఒకే వేగం నిలవాలి. కచ్చితమైన వరస మోడల్‌ను బట్టి మారుతుంది, సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది. మధ్యలో ఓపిక నశించి మళ్లీ కోడ్ చెరిపారో, కథ మొదటికొస్తుంది.