ముందు గుర్రం, అంకుల్!

నిన్న విజయవాడలో ఓ ఫంక్షన్ హాల్లో చెస్ టోర్నమెంటు. ఫోన్లో రోజూ పజిల్స్ చేస్తున్నాను కదా, ఒక్క రోజూ తప్పకుండా 113 రోజుల స్ట్రీక్ ఉంది కదా అని 600 కట్టి వెళ్లాను. మొదటి రౌండులోనే ఎదురుగా ఎనిమిదేళ్ల పాప. కాళ్లు నేలకి అందక ఊపుకుంటూ కూర్చుంది. ఓపెనింగ్ ఏదో ఆడాం, గుర్తులేదు.

ఇరవయ్యో ఎత్తు దగ్గర అది కనిపించింది. పాప రాజు హెచ్ 8 మూలన ఉన్నాడు, ముందు రెండు బంట్లు, జీ 8 ఖాళీ, దాని పక్కన ఏనుగు. నా మంత్రి ఏటవాలుగా జీ 8 వైపే చూస్తున్నాడు, గుర్రం కూడా అక్కడే ఉంది. మంత్రిని బలిస్తే ఏనుగు వచ్చి చంపక తప్పదు. చంపాక సొంత సైన్యం మధ్యే రాజుకి ఊపిరాడదు, గుర్రంతో మేట్, ఆట కట్టు! లూసెనా అనే స్పెయినాయన 1497 నాటి పుస్తకంలోనే ఉన్న కిటుకిది, పేరు మాత్రం ఎప్పుడో తర్వాత పుట్టిన ఫిలిడోర్ అనే ఫ్రెంచాయన కొట్టేశాడు.

చప్పున ఆడేయొచ్చుగా? ఆడలేదు. కళ్లజోడు తీసి తుడిచాను. పక్క బోర్డువాళ్లు చూస్తున్నారేమో అని చూశాను, ఎవరూ చూడట్లేదు, కాస్త దగ్గాను, అయినా చూడలేదు. గుడివాడ అమ్మాయి హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది, నాకు 44, అయితే ఏంటట అనుకున్నాను. పాపం పిల్ల ఏడుస్తుందేమో, జేబులో చాక్లెట్ కూడా లేదే అని నిజంగా బాధపడ్డాను కూడా. అప్పుడు రెండు వేళ్లతో మంత్రిని ఎత్తి, జీ 8లో పెట్టి, క్లాక్‌ని మెత్తగా నొక్కాను.

పాప రాజుతో మంత్రిని తినేసింది.

నేనింకా ఏనుగు ఎప్పుడు కదులుతుందా అని చూస్తున్నాను. హెచ్ 6లో నిలబడి జీ 8కి కాపలా కాయాల్సిన నా గుర్రం జీ 5లో ఉంది. మూలగా ఒక్క గడి తేడా. "వెనక్కి తీసుకుంటానమ్మా" అన్న మాట నోటిదాకా వచ్చింది కానీ, ఆటని పర్యవేక్షించే ఆర్బిటర్ సరిగ్గా నా వెనకే నిలబడ్డాడు.

"ముందు గుర్రం ఎఫ్ 7 అంకుల్. రాజు జరిగాక హెచ్ 6, డబుల్ చెక్, గుర్రంతో, మంత్రితో ఒకేసారి. మంత్రి ఆ తర్వాత," అంది పాప, బోర్డు మీంచి తలెత్తకుండా.

నాకేం తెలుసు? ఆ దిక్కుమాలిన యాప్ ముందు ఎత్తులన్నీ తనే ఆడేసి, నన్ను తీసుకెళ్లి ఆఖరి ఎత్తు దగ్గర కూర్చోబెట్టి, నేను వేలు పెట్టగానే చప్పట్లు కొడుతుంది. పైగా "ఇక్కడ మేట్ ఉంది" అని ముందే చెబుతుంది. పెళ్లి మొత్తం వాళ్లు చేసి, అక్షింతలు మాత్రం మనచేత వేయించినట్టు.

బయటికొచ్చి ఫోన్ ఆన్ చేశానో లేదో మెసేజ్: ఈ రోజు పజిల్ ఇంకా చేయలేదు, స్ట్రీక్ పోతుంది. మెట్ల మీదే కూర్చుని చేశాను. ఒప్పే వచ్చింది, దాని మొహం మండ.