బరువు తగ్గిందంటే తూకం చూపించాలి

నేల మీద నుంచి లేచే రాకెట్ బరువులో దాదాపు 90 శాతం ఇంధనం, దాన్ని మండించే ఆక్సిజనే. ఈ మోత బాధ తప్పేలా గురుత్వాకర్షణనే తగ్గించే దారి ఎక్కడైనా దొరుకుతుందేమోనని విమాన కంపెనీలు వెతకడాన్ని మేం తప్పుపట్టం. ఆ వెతుకులాటను తలుపులు మూసుకుని సాగించడమే మాకు అభ్యంతరం.

తిరిగే అతివాహక (బాగా చల్లబరిస్తే కరెంటును ఏ అడ్డూ లేకుండా పోనిచ్చే పదార్థం) బిళ్ల పైన ఉంచిన వస్తువు బరువు కొద్దిగా తగ్గిందని ఫిన్లాండ్‌లో పనిచేస్తున్న శాస్త్రవేత్త పొద్‌క్లెత్నోవ్ 1992లో ప్రకటించారు. ఆ మాట పట్టుకుని నాసా ప్రయోగాలు చేయించింది. బ్రిటన్‌లో విమాన, రక్షణ కంపెనీ బీఏఈ సిస్టమ్స్ ‘గ్రీన్‌గ్లో’ పేరుతో పరిశోధనకు డబ్బు పెట్టింది. 2002లో బోయింగ్ పేరూ బయటికొచ్చింది, తాము నిధులివ్వడం లేదని కంపెనీ చెప్పింది. 2003లో కెనడాకు చెందిన హాథవే బృందం అలాంటి బిళ్లనే తిప్పి చూసి, బరువులో మార్పేమీ లేదని అచ్చులో పెట్టింది. ఈ మొత్తం వ్యవహారంలో మేం ఎక్కువ విలువ ఇచ్చేది ఆ ‘లేదు’కే.

ఇంధనం వదలకుండానే ముందుకు తోసుకుపోతుందన్న ఎమ్‌డ్రైవ్ అనే పరికరం సంగతీ అంతే. కిలోవాట్‌కు 1.2 మిల్లీన్యూటన్ల తోపు కనిపించిందని నాసా బృందం 2016లో రాసింది. జర్మనీలో డ్రెస్డెన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త తజ్మార్ బృందం దాన్ని మళ్లీ తూచింది. కరెంటు ఇవ్వగానే పరికరం వేడెక్కుతోంది, ఆ వేడికి దాన్ని త్రాసుకు బిగించిన భాగాలు వంగుతున్నాయి, ముల్లు జరుగుతోంది. బిగింపు మార్చి వేలాడదీస్తే తోపు మాయమైంది. 2021లో ఆ ఫలితం వెలువడింది. తూకంలో ఇంత ఓపిక లేకపోతే ఎన్ని కోట్లు పోసినా వృథా.

అలాగని ఈ మోజుపై పెట్టిన డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరు కాలేదు. 1950లలో అమెరికా పారిశ్రామికవేత్త బాన్సన్ గురుత్వాన్ని జయించాలని తపించారు. గురుత్వాన్ని అడ్డుకునే పదార్థం కోసం వెతకడం దండగని వ్యాసం రాసిన భౌతిక శాస్త్రవేత్త డివిట్‌నే పిలిచి, అమెరికాలోని చాపెల్‌హిల్‌లో గురుత్వంపై పరిశోధన సంస్థ పెట్టించారు. కాదన్న వాడికే డబ్బిచ్చిన ఆ పెద్దమనసు ఈనాటి కంపెనీల్లో మాకు కనిపించడం లేదు. 1957లో అక్కడే, అమెరికా వైమానిక దళం సాయంతో జరిగిన సదస్సులో గురుత్వ తరంగాలు (భారీ వస్తువుల కదలికతో స్థలకాలాల్లో పుట్టే అలలు) శక్తిని మోసుకెళ్తాయని భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ వాదించారు. 2015లో అమెరికాలోని లైగో పరిశోధన కేంద్రం ఆ తరంగాలను పట్టుకుంది. మహారాష్ట్రలోని హింగోలిలో లైగో-ఇండియా నిర్మాణానికి కేంద్రం 2023లో రూ.2,600 కోట్లు మంజూరు చేసింది. అదే ఏడాది ఐరోపా అణు పరిశోధన కేంద్రం సెర్న్‌లో, మామూలు పదార్థానికి విరుద్ధమైన విద్యుదావేశాలుండే ప్రతిపదార్థం పైకి పోతుందేమోనని, యాంటీహైడ్రోజన్‌ను వదిలి చూశారు. ప్రతిపదార్థం కూడా కిందికే పడింది.

ప్రజల సొమ్ముతో గానీ రక్షణ కాంట్రాక్టుల లాభాలతో గానీ గురుత్వంపై ప్రయోగం చేసే ప్రతి కంపెనీ పరికరం కొలతలు, తూచిన పద్ధతి, వచ్చిన అంకెలు అచ్చు వేయాలి. ఏమీ తేలకపోయినా వేయాలి. ఆ షరతు లేకుండా ఏ ప్రభుత్వమూ ఈ పనికి పైసా ఇవ్వకూడదు.