శేషం మేమే

ఈ దేశంలో భాగించలేనిది లేదని నా నమ్మకం. అన్నదమ్ముల పొలం, అత్తగారి కాసులపేరు, చివరికి మా పర్లాకిమిడి జమీ. 1936లో ఊరు ఒడిశాకు వెళ్లింది, జమీలో చాలా భాగం మద్రాసుకు మిగిలింది. పక్కనే పాతపట్నం ఇప్పుడు వేరే రాష్ట్రం. అలాంటి ఊరివాడికి భాగించలేని సంఖ్య ఉందంటే నవ్వు రాదూ?

చెప్పింది మా మేనల్లుడు. వాడిది ఒడియా చదువు. "మావయ్యా, మౌళిక సంఖ్య" అన్నాడు. మౌళిక అనగానే రోడ్డూ, కుళాయీ వస్తాయేమోనని ఆశపడ్డాను. తీరా చూస్తే మేం చదువుకున్న ప్రధాన సంఖ్యే! ఒకటీ, తానూ తప్ప దాన్ని ఇంకేదీ నిశ్శేషంగా భాగించదు.

2024 అక్టోబరులో లూక్ డ్యూరంట్ అనే అమెరికా ఆయన ఇప్పటిదాకా తెలిసినవాటిలో అతి పెద్దదాన్ని పట్టాడు. 13,62,79,841 రెండ్లను హెచ్చవేసి, ఒకటి తీసేస్తే వచ్చేది. అందులో 4,10,24,320 అంకెలు. సెకనుకో అంకె చదివినా, తిండీ నిద్రా మానేసి దాదాపు 475 రోజులు. చివరి అంకె మాత్రం కిరాణా చీటీ వెనక నేనే తేల్చాను. రెండును హెచ్చవేస్తూ పోతే చివర 2, 4, 8, 6 వంతులవారీగా తిరుగుతాయి. ఆ రెండ్లు ఎన్నో, అంటే 13,62,79,841ని, నాలుగుతో భాగిస్తే శేషం ఒకటి, కాబట్టి చివర 2. అందులోంచి ఒకటి పోతే 1. దీనికి 17 దేశాల్లో యంత్రాలు పెట్టక్కర్లేదు. అది ప్రధానమేనని తేల్చడానికి పెట్టాడు పాపం.

అన్ని దేశాలు ఒక్క లెక్కకు కలిశాయి. నా సర్టిఫికెట్టు కోసం ఇక్కడి ఆఫీసుకు వెళితే "తెలుగువాళ్లు కదా, ఆంధ్రాలో అడగండి" అన్నారు. అక్కడికి వెళితే "ఒడిశావాళ్లు కదా" అన్నారు. బస్సులో వస్తూండగా వెలిగింది. ఇటు భాగించినా శేషమే, అటు భాగించినా శేషమే. నిర్వచనం ప్రకారం మేం ప్రధాన సంఖ్యలం!

తొందరపడకూడదనుకోండి. మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి 1644లో 67 రెండ్లను హెచ్చవేసి ఒకటి తీసేస్తే వచ్చేదీ ప్రధానమేనన్నాడు. కాదని తర్వాత తేలింది గానీ, దాని కారణాంకాలను 1903లో కోల్ అనే ఆయన బయటపెట్టాడు. పల్లెత్తు మాట లేకుండా బోర్డు మీద 19,37,07,721ని 7,61,83,82,57,287తో హెచ్చవేసి కూర్చున్నాడట. ఎన్నాళ్లు పట్టిందని అడిగితే మూడేళ్ల ఆదివారాలన్నాడట. మా ఫైలుకు ఆదివారాలు తప్ప మిగతా వారాలన్నీ పట్టాయి.

అయినా మమ్మల్ని ప్రధాన సంఖ్యలుగా గుర్తించమని అర్జీ పెట్టాను. కౌంటరులో ఆయన శ్రద్ధగా చదివి, శేషం మిగులుతోందని రెండు రాష్ట్రాల నుంచీ సర్టిఫికెట్ తెమ్మన్నాడు.