గోకర్ణ దారి, సోమశిల ఒడ్డు

పాలమూరు నుంచి పడమటికి పోయే బస్సంటే ఒకప్పుడు బొంబాయి బస్సే. నెత్తిన మూట, చంకన బిడ్డ, ఇంటికాడ ముసలోళ్లు. ఇప్పుడు అదే దిక్కుకు, రాయచూరు, హుబ్బళ్లి మీదుగా ఇంకో తరం పోతోంది. వీపున ఒక బ్యాగు, చేతిలో ఫోను. దిగేది గోకర్ణలో. కూలి కోసం కాకుండా ఊరికే ఊరు దాటే భాగ్యం ఈ ప్రాంతానికి ఆలస్యంగానైనా దక్కినందుకు మాకు సంతోషమే.

గోకర్ణలో మహాబలేశ్వరుడి గుడి, ఆ దగ్గరే భక్తులు మునకలు వేసే తీరం. గుట్ట దాటితే కుడ్లె, ఇంకా నడిస్తే ఓంకారంలా వంపు తిరిగిన ఓం బీచ్. ఆపైన హాఫ్‌మూన్, ప్యారడైజ్ తీరాలకు కాలినడకో, పడవో. పొద్దంతా ఏ పనీ చేయకుండా కూర్చున్నా అక్కడ ఎవరూ ఏమీ అనరు, అసలు సుఖం అదే. రావణుడంతటివాడు ఆత్మలింగాన్ని కదపలేని చోట, రెండు రోజులకని పోయిన మన పిల్లలు నాలుగు రోజులు కదలకపోతే వింతేముంది? ఒక్క మాట: దిగుడుబావిలో నేర్చిన ఈత సముద్రంలో పనికిరాదు. లోపలికి లాగే ప్రవాహం పైకి కనిపించదు. వానాకాలంలోనైతే నీళ్లలో దిగనే వద్దు.

అక్కడ ఇంట్లో ఒక గది అద్దెకిచ్చే కుటుంబానికి, పడవ నడిపే జాలరికి కూడా నాలుగు డబ్బులు అందుతాయి. పెద్ద రిసార్టులూ వచ్చాయి, చెత్తా పెరిగింది, అది వేరే గొడవ.

ఇదంతా చెప్పడం సోమశిల కోసం. కొల్లాపూర్ పక్కన, నల్లమల అంచున, కృష్ణా నది మీది శ్రీశైలం డ్యామ్ వెనుక జలాలు. ఒడ్డున వేడివేడి చేప వేపుడు. అవతల, నీళ్లు తగ్గితే తప్ప దర్శనమివ్వని సంగమేశ్వరుడు. ఇక్కడి పర్యాటకానికి కేంద్రం 2024లో సుమారు 68 కోట్లు మంజూరు చేసింది. అవతలి ఒడ్డున సిద్ధేశ్వరం వైపు తీగల వంతెనకు 2022లోనే వెయ్యి కోట్లకు పైగా ప్రకటించింది. డబ్బు వస్తే మంచిదే. అది ఎవరి ఇంటికి చేరుతుందన్నదే మా అనుమానం.

ఫొటోల్లో అందంగా కనిపించే ఈ నీళ్ల కింద ఊళ్లున్నాయి, పొలాలున్నాయి. 1980ల మొదట్లో మునిగాయి. ఇంటికో ఉద్యోగమన్న 98 నంబరు జీవో 1986 నాటిది. దాన్ని పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ల జుట్టు నెరిసిపోయింది. పడవలు, దుకాణాలు, గదుల లైసెన్సుల్లో మొదటి వంతు ఆ కుటుంబాలదీ, ఒడ్డున వల వేసి బతికే మత్స్యకారులదీ కావాలి. బాత్రూముతో ఒక గది కట్టుకోవడానికి అప్పు ఇప్పించాలి. లైఫ్ జాకెట్ వేసుకోనివారు ఉంటే పడవ కదలకూడదు. ఒడ్డుకు గేటు పెట్టి టికెట్ కొట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోవాలి.

దుకాణాలకు, పడవలకు వేలంపాట పెట్టేముందు అధికారులు ముంపు గ్రామాల రికార్డు తెరవాలి. పిలవాల్సిన పేర్లు అందులోనే ఉన్నాయి.