బ్యాంకు తలుపులు మూసుకుంటే మన చేతిలో ఏం మిగులుతుంది?

ఆర్థిక వ్యవస్థ కుప్పకూలుతుందన్న భయం పుట్టగానే చాలామందికి తట్టేవి రెండే. బంగారం కొనడం, ఇంట్లో బియ్యం బస్తాలు పేర్చడం. కానీ గత పాతికేళ్లలో నిజంగా కూలిన దేశాలను చూడండి. అక్కడి మధ్యతరగతికి తగిలిన మొదటి దెబ్బ చాలాచోట్ల ఆకలి కాదు, తమ డబ్బు తమ చేతికి రాకపోవడం.

లెబనాన్‌లో 1997 నుంచి డాలరు విలువను సుమారు 1,507 లెబనాన్ పౌండ్ల దగ్గర నిలిపి ఉంచారు. గల్ఫ్‌లో కష్టపడి సంపాదించినవాళ్లు ఆ భరోసాతోనే బీరూట్ బ్యాంకుల్లో డాలర్లు దాచుకున్నారు. 2019 అక్టోబరులో నిరసనలు మొదలయ్యాయి, బ్యాంకులు మూతపడ్డాయి. మళ్లీ తెరిచేసరికి, పార్లమెంటు చట్టమేదీ చేయకపోయినా, ఎవరి సొమ్ము ఎంత ఇవ్వాలో బ్యాంకులే నిర్ణయించడం మొదలుపెట్టాయి. 2023 మార్చికి డాలరు లక్ష పౌండ్లు దాటింది. ఈ మధ్యలో, 2022లో, ఓ మహిళ తోబుట్టువు క్యాన్సర్ చికిత్సకు తన పొదుపు తానే తీసుకోవడానికి బొమ్మ తుపాకీ పట్టుకుని బ్యాంకులోకి వెళ్లాల్సి వచ్చింది. 2001 డిసెంబరులో అర్జెంటీనా కూడా ఇలాగే ఖాతాలకు కట్టడి పెట్టింది. వారానికి 250 పెసోలకు మించి తీసుకోనివ్వలేదు.

భారత్ రేపే లెబనాన్ అవుతుందని నేను అనడం లేదు. మన విదేశీ మారక నిల్వలు వేరు, గోదాముల్లోని ధాన్యం వేరు. కానీ దీని చిన్న రూపాలు మనమూ చూశాం. 2019 సెప్టెంబరులో పీఎంసీ అనే సహకార బ్యాంకు ఖాతాదారులకు మొదట వెయ్యి రూపాయలే తీసుకునే వీలు ఇచ్చారు. 2020 మార్చిలో యెస్ బ్యాంకుపై 50 వేల పరిమితి పెట్టినప్పుడు, దాని మీద ఆధారపడిన ఫోన్‌పే కూడా ఆగిపోయింది. ఆ బ్యాంకులో ఖాతా లేనివాళ్లు సైతం కిరాణా కొట్టు ముందు ఫోన్ పట్టుకుని నిలబడిపోయారు.

అందుకే సిద్ధపడటం ఇక్కడి నుంచే మొదలవ్వాలి. ఒక బ్యాంకులో ఒక వ్యక్తికి అసలు, వడ్డీ కలిపి ఐదు లక్షల వరకే బీమా ఉంటుంది. ఒకే బ్యాంకుకు చెందిన నాలుగు బ్రాంచీల్లో వేసినా లెక్క ఒకటే. రిటైర్మెంట్ డబ్బంతా ఒక్క సహకార బ్యాంకులో, అర శాతం ఎక్కువ వడ్డీకి ఆశపడి పెట్టడం నాకు చాలా ప్రమాదంగా కనిపిస్తుంది. కనీసం రెండు బ్యాంకులు, నెల ఖర్చుకు సరిపడా నోట్లు ఇంట్లో ఉండాలి.

అప్పు సంగతి ఇంకా ముఖ్యం. ధరలు పెరిగితే అప్పు కరిగిపోతుందని కొందరు ధీమాగా చెబుతుంటారు. శ్రీలంకలో ఏమైందో చూడండి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర బ్యాంకు ఒక్కసారిగా వడ్డీ రేటును 7 శాతం పాయింట్లు పెంచింది. అదే ఏడాది సెప్టెంబరుకు ద్రవ్యోల్బణం 70 శాతం దరిదాపులకు చేరింది. జీతం అంతే, ధరలు మాత్రం భారీగా పెరిగాయి, పైగా రేటుతో పాటు మారే లోన్ అయితే కిస్తీ కూడా పెరుగుతుంది. జీతంలో సగం ఈఎంఐలకే పోయే హైదరాబాద్ కుటుంబం ఎంత బంగారం కొన్నా, మూడు నెలలు ఉద్యోగం పోతే దాన్ని తాకట్టు పెట్టక తప్పదు.

తిండి గురించి ఎక్కువ చెప్పను. నెలకు సరిపడా సరుకులు చాలు. అంతకు మించి కొని దాస్తే సరుకుల కొరతను మనమే పెంచినవాళ్లమవుతాం. శ్రీలంకలో చాలా ఇళ్లను పెరట్లోని పనస చెట్టు ఆదుకుంది. కొలంబో అపార్టుమెంట్లలో గ్యాస్ అయిపోయినవాళ్లకు కట్టెలు వెలిగించే చోటు కూడా లేదు.

మందులే నన్ను ఎక్కువగా కలవరపెడతాయి. 2022 మార్చి చివర్లో శ్రీలంకలోని పెరదెనియా ఆసుపత్రిలో మందులు లేక, ముందుగా నిర్ణయించిన ఆపరేషన్లు ఆపేశారు. పెట్రోలు క్యూల్లో నిలబడి వృద్ధులు ప్రాణాలు కోల్పోయారు. బంకుల దగ్గర సైన్యాన్ని దించారు. బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు వాడే ఇంట్లో డాక్టర్‌ను అడిగి రెండు నెలల కోటా ముందుగా ఉంచుకోవడం, ఏ మాత్రలో ఏ మందు ఉందో కాగితం మీద రాసి పెట్టుకోవడం బియ్యం బస్తా కన్నా అవసరం. బ్రాండు దొరక్కపోయినా అదే మందు మరో పేరుతో దొరకవచ్చు.

ఇక పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఒంటరిగా ఉన్న ఇళ్లు మనకు వేలల్లో ఉన్నాయి. లెబనాన్‌లో ఎన్నో కుటుంబాలు బయటి నుంచి పిల్లలు పంపిన డాలర్లతోనే గట్టెక్కాయి. అది నిజమే. కానీ ఆ డబ్బు చేతికి అందాక, పెట్రోలు లేని రోజున మందుల షాపు దాకా వెళ్లి వచ్చేది ఎవరు? ఆ మనిషి ఎవరో ఇప్పుడే తెలిసి ఉండాలి. ఎదురింటి కుర్రాడు, రోజూ పాలు పోసే ఆమె, మెడికల్ షాపు యజమాని, ఇలా ఎవరో ఒకరితో మాటలు, రాకపోకలు ఉండాలి. వాళ్ల ఫోన్ నంబర్లు విదేశంలో ఉన్న పిల్లల దగ్గర కూడా ఉండాలి.