వేలం ఇల్లు కొన్నాం సరే, పాత కరెంటు బాకీ ఎవరిది?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు బ్యాంకులు వేలం వేసే ఇళ్ల మీద ఇచ్ఛాపురం, పాతపట్నం, పార్వతీపురం వాళ్లూ ఓ కన్నేసి ఉంచుతారు. ఉద్యోగం అటు, చుట్టాలు ఇటు ఉన్న కుటుంబాలకు సరిహద్దు దాటి ఇల్లు కొనడం వింతేం కాదు. ప్రకటనలో రిజర్వు ధర చూస్తారు, ధరావతు ఎంతో చూస్తారు, వేలం తేదీ రాసుకుంటారు. అడుగున చిన్న అక్షరాల్లో ఉండే రెండు మాటల్ని మాత్రం చాలామంది దాటేస్తారు. ఆస్తిని ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే అమ్ముతున్నామన్నది ఒకటి. బ్యాంకుకు తెలిసిన బకాయిలు, భారాలు (ఆస్తినే అంటిపెట్టుకుని ఉండే అప్పులు) ఏమీ లేవన్నది రెండోది. ఇంట్లో దిగాక కరెంటు, నీళ్ల దగ్గర పడే తిప్పలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. నా అభ్యంతరం రెండో మాట మీద.

ఇల్లు వేలానికి వచ్చేసరికి దాని కష్టాలకు చాలా కాలమే అయి ఉంటుంది. తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకుని అమ్ముకోనిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం బ్యాంకు ముందు 60 రోజుల నోటీసు ఇస్తుంది. అప్పటికీ అప్పు తీరకపోతే గోడకు కాగితం అంటించి లాంఛనంగా స్వాధీనం చేసుకుంటుంది. లోపలి మనుషుల్ని ఖాళీ చేయించడానికి జిల్లా మేజిస్ట్రేట్ సాయం అడగొచ్చు. అందాకా పాత యజమాని కుటుంబం తరచూ ఆ ఇంట్లోనే ఉంటుంది. ఈఎంఐ కట్టలేని మనిషి కరెంటు బిల్లు మాత్రం ఠంచనుగా కడతాడా? 15 రోజుల నోటీసిచ్చి లైన్ కట్ చేస్తారు. లైన్ పోయినా ఒప్పందం రద్దయ్యేదాకా ఫిక్స్‌డ్ ఛార్జీ, దాని మీద ఆలస్యపు రుసుము పెరుగుతూ పోవచ్చు. చివరికి కొన్నవాళ్లు తాళం తీసేసరికి స్తంభం దగ్గర తెగ్గోసి చుట్ట చుట్టిన సర్వీసు వైరు, తలుపు సందులోంచి తోసిన ఒడియా బిల్లులు, మీటరు డబ్బాలో బల్లి గుడ్లు.

మరి ఆ బాకీ ఎవరు కట్టాలి? కేరళ విద్యుత్ బోర్డుపై వేసిన కె.సి. నినన్ కేసులో 2023 మే 19న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీనికి జవాబిచ్చింది. చట్టబద్ధమైన సరఫరా నిబంధనల్లో ఆ షరతు ఉంటే పాత యజమాని బాకీని వేలంలో కొన్నవాళ్ల దగ్గర వసూలు చేయొచ్చని తేల్చింది. ఉన్నది ఉన్నట్టుగా అమ్మకం అన్నప్పుడు విచారించుకోవాల్సిన బాధ్యత కొనేవాడిదేనని కూడా చెప్పింది. అంటే జవాబు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నిబంధనల్లో వెతుక్కోవాలి.

తెలంగాణ షరతుల్లో పాత బాకీలు తీరేదాకా ఆ ఆవరణకు కొత్త కనెక్షన్ కూడా నిరాకరించవచ్చని ఉంది. శ్రీగ్ధా బెవరేజెస్ కేసులో 2020లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మహారాష్ట్రలో కథ వేరు. దెగ్లూరు, ధర్మాబాద్, కిన్వట్, సిరోంచ ఏదైనా సరే, వారసులు కాని కొత్త యజమానిపై పడే పాత బాకీకి గరిష్ఠంగా ఆరు నెలల ఛార్జీల పరిమితి ఉంది. 2005 సరఫరా కోడ్‌లోనూ, 2021లో దాని స్థానంలో వచ్చిన నిబంధనల్లోనూ అదే మాట. నా మటుకు నాకు ఇది ఉన్నవాటిలో న్యాయంగా కనిపిస్తుంది. ఆరు నెలలకు మించి బాకీ పెరిగిందంటే వసూలు చేయాల్సినవాళ్లు కూడా నిద్రపోయారనే కదా.

ఒడిశాది మరో దారి. రఘునాథ్ పేపర్ మిల్స్ కేసులో 2012లో సుప్రీంకోర్టు ఆ రాష్ట్ర 2004 విద్యుత్ సరఫరా కోడ్‌ను పరిశీలించింది. పాత కనెక్షన్‌ను పేరు మార్పించుకోవాలంటేనే బాకీ తీర్చాలి, వేలంలో కొన్నవారు కొత్త కనెక్షన్ అడిగితే పాత బాకీతో ముడిపెట్టకూడదు అంది. 2019లో కొత్త కోడ్ వచ్చింది, ఆ తర్వాత నినన్ తీర్పు వచ్చింది. కాబట్టి పాత తీర్పు జిరాక్స్ పట్టుకెళ్లి గెలిచేస్తామనుకోకూడదు. అయితే పేరు మార్పా, కొత్త కనెక్షనా అన్నది దరఖాస్తు పెట్టకముందే తేల్చుకోవాల్సిన విషయమని ఆ కేసు నేర్పుతుంది. కౌంటర్లో ‘పాతది కట్టేయండి బాబూ, పేరు మార్చేస్తాం’ అనడం సులువు. వినడం ఇంకా సులువు. సామాన్లు ఆటోలో ఉన్నవాడికి కోడ్ చదివే ఓపిక ఎక్కడిది? అందుకే ఆ మాట ఏ నిబంధన కింద అంటున్నారో కాగితం మీద రాసిమ్మనాలి.

పంపిణీ సంస్థల వాదనలో పసలేదనను. బాకీ మనిషితోనే పోతుందంటే, ఎగ్గొట్టినవాడు ఇంటిని బావమరిది పేరు మీదకు మార్చి మర్నాడే కొత్త మీటరు పెట్టించుకుంటాడు. ఆ నష్టం చివరికి సక్రమంగా బిల్లు కట్టేవాళ్ల టారిఫ్‌లోకే వస్తుంది. కానీ బ్యాంకు వేలం బావమరిది బేరం కాదు. ఇక్కడ అమ్మేది బ్యాంకు, డబ్బు ముట్టేది బ్యాంకుకు. వేలానికి ముందు నెలల తరబడి ఆ ఇంటి వ్యవహారం చూసేదీ బ్యాంకే.

సర్ఫేసీ కింద వచ్చిన నిబంధనల ప్రకారం అమ్మకపు నోటీసులో ‘బ్యాంకుకు తెలిసిన’ భారాల వివరాలు ఇవ్వాలి. అడిగితేనే కదా తెలిసేది! విద్యుత్ ఆఫీసుకు ఒక ఉత్తరం, మున్సిపాలిటీకి ఒక ఉత్తరం రాస్తే నోటీసులో అంకెలు వేయొచ్చు. రాయకపోతే ‘తెలిసినంతవరకు లేవు’ అనొచ్చు. రెండోది ఖర్చులేని పని. పైగా చట్టంలో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప కరెంటు బాకీ ఆస్తిపై భారం కాదని కూడా నినన్ తీర్పు చెప్పింది. ఆ మాట బ్యాంకుకు మరో గొడుగు.

ఇందులో పాత యజమానికి జరిగే అన్యాయం గురించి ఎవరూ మాట్లాడరు. బాకీ ఎంతుందో తెలియని ఇంటికి పాడేవాడు భయంతో తగ్గించి పాడతాడు. అప్పు, ఖర్చులు పోను మిగిలిన సొమ్ము చట్టప్రకారం పాత యజమానికి చేరాలి. పాట తగ్గితే మిగిలేదీ తగ్గుతుంది. ఇల్లు పోయినవాడికి ఇది రెండో దెబ్బ. నోటీసులో కరెంటు, నీరు, హోల్డింగ్ ట్యాక్స్ (ఇంటి పన్ను) బాకీలు ఫలానా తేదీకి ఇంత అని రాయడం తప్పనిసరి చేయాలి. రాయకుండా వదిలేసింది బయటపడితే అమ్మకపు సొమ్ములోంచే తీర్చాలి.

నీటి కనెక్షన్‌కూ మున్సిపాలిటీలో ఇంచుమించు ఇదే తంతు. హోల్డింగ్ ట్యాక్స్ రసీదు పాతది తేలకపోతే కొత్త పేరు ఎక్కించడం కష్టం. గ్యాస్‌తో మాత్రం పేచీ లేదు, ఆ కనెక్షన్ మనిషిదే గానీ ఇంటిది కాదు.

ఆ మార్పు వచ్చేదాకా కొనేవాళ్లే జాగ్రత్తపడాలి. పాట ఖాయమయ్యాక నాలుగో వంతు వెంటనే, మిగతాది అమ్మకం ఖరారైన 15 రోజుల్లో కట్టాలి. గడువు పెంచితే తప్ప అప్పుడు విచారించడానికి తీరిక ఉండదు. మీటరు వరండా గోడకే ఉంటే కన్జ్యూమర్ నంబరు బయటి నుంచే కనబడుతుంది. ఫోన్‌పేలో ఆ నంబరు కొడితే సాధారణంగా బాకీ చూపిస్తుంది. చూపించలేదంటే కనెక్షన్ ఎప్పుడో రద్దయి ఉండొచ్చు, అప్పుడు ఆఫీసుకే వెళ్లి అడగాలి.

ఇల్లు చేతికొచ్చాక అమ్మకపు ధ్రువపత్రం జతచేసి మొదటి రోజే రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోవాలి. కేంద్రం తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల 2024 సవరణ ప్రకారం కొత్త కనెక్షన్‌కు మున్సిపల్ ప్రాంతాల్లో ఏడు రోజులు, గ్రామాల్లో 15 రోజులు గడువు. కొండ ప్రాంతపు ఊళ్లకు మాత్రం 30 రోజులు. ఆ లెక్క దరఖాస్తు నుంచే మొదలవుతుంది. నినన్ కేసులో కొన్నవాళ్ల చేత అసలు కట్టించినా, వాళ్లు కరెంటుకు దరఖాస్తు పెట్టుకున్న తేదీ నుంచి పడిన వడ్డీని కోర్టు తన ప్రత్యేకాధికారంతో మాఫీ చేసింది. నోటిమాటగా అడిగి తిరిగొచ్చినవాళ్లకు చూపించుకోవడానికి అలాంటి తేదీ ఏదీ ఉండదు.