పిల్లలు దారిలో ఉన్నారు

మీటింగ్ అయి మూడు రోజులే అయింది. చెవుల్లో వేడి ఇంకా తగ్గలేదు. అందుకని ముందుది వెనక, వెనకది ముందు వస్తే సర్దుకుపోండి.

నా ఉద్యోగం గణాంకాల్లో. దేశం మొత్తం మీద ఏ స్థాయి చదువులో ఎంతమంది చేరారు, ఎంతమంది పట్టా పుచ్చుకుని బయటపడ్డారు, వాళ్ళ చదువుకి ఎంత ఖర్చయింది, ఇవన్నీ ఏడాదికోసారి ఒక మహా ఎక్సెల్ ఫైలులో నింపి ఒక అంతర్జాతీయ సంస్థకి పంపాలి. ఏ సంస్థ అని అడక్కండి, వచ్చే ఏడాది కూడా నేనే పంపాలి. ఈ పని ఇదివరకు చేసినాయన బదిలీ మీద వెళ్ళిపోతూ నాకు ఒక పెన్‌డ్రైవూ, ఒక కాగితమూ ఇచ్చి వెళ్ళాడు. కాగితం మీద ఒకటే వాక్యం. "అంతా పోయినేడాది లాగానే." ఈ వాక్యాన్ని నమ్మి బాగుపడినవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు చూపించండి.

ఒక్కో దేశంలో చదువుకి ఒక్కో లెక్క. ప్రైమరీ చదువు జపాన్‌లో ఆరేళ్ళు, జర్మనీలో చాలా రాష్ట్రాల్లో నాలుగేళ్ళే. వీటిని పక్కపక్కన పెట్టి పోల్చాలంటే అందరికీ ఒకే కొలబద్ద కావాలని యునెస్కో 1970లలో ఇస్కెడ్ అనే వర్గీకరణ తయారుచేసింది. 1997లో ఒకసారి సవరించింది, 2011లో మళ్ళీ సవరించింది. ఇప్పుడు అందులో 0 నుంచి 8 దాకా తొమ్మిది మెట్లున్నాయి. సున్నా అంటే ఒకటో తరగతికి ముందు చదువు, ఎనిమిది అంటే డాక్టరేట్. మిగతావాటితో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా నాలుగో మెట్టుతోనే. అది సెకండరీ చదువు దాటినవాళ్ళది, కానీ ఉన్నత విద్య అనడానికి వీల్లేదు. అంటే అచ్చంగా త్రిశంకు స్వర్గం. విశ్వామిత్రుడు కట్టినదానికి కనీసం కాలమ్ నంబర్ లేదు. దీనికి ఉంది, ఆరు.

ఇంకో సంగతి చెబితే గాని అసలు కథ అర్థం కాదు. ఆ ఫైలులో ఏ గడీ ఖాళీగా వదలకూడదు. అంకె లేకపోతే అక్షరం వెయ్యాలి. 'ఎ' అంటే ఆ వర్గం మాకు వర్తించదని. 'ఎమ్' అంటే ఉంది గాని లెక్క దొరకలేదని. 'ఎన్' అంటే సున్నా, లేదా సున్నాతో సమానమని. 'ఎక్స్' అంటే ఇక్కడ లేదు, వేరే కాలమ్‌లో కలిపేశామని. ఏ కాలమో పక్కనే బ్రాకెట్లో చెప్పాలి. మొదట్లో ఇదంతా చాదస్తం అనుకున్నాను. ఆలోచిస్తే మనం నోటితో రోజూ చేసే పనే ఇది. అప్పు అడగడానికి వచ్చినవాడికి చెప్పే "లేదు" వేరు, జేబు తడుముకుని మనకి మనం చెప్పుకునే "లేదు" వేరు, "మా ఆవిణ్ణి అడగాలి" అనే "లేదు" వేరు. ఆ మూడోదే ఎక్స్.

మా దగ్గర కొన్ని వృత్తి విద్యా సంస్థలున్నాయి. వాటిలో మూడో మెట్టు పిల్లలూ నాలుగో మెట్టు పిల్లలూ ఒకే భవనంలో, ఒకే రిజిస్టర్లో, ఒకే మేష్టారి కింద ఉంటారు. విడదీసి పంపండి మహాప్రభో అని ఎన్నిసార్లు రాసినా మొత్తం కలిపి ఒకే అంకె పంపుతారు. పాతాయన ఆ అంకెను ఆరో కాలమ్‌లో వేసి, మూడో మెట్టుకిచ్చిన ఐదో కాలమ్‌లో ఎక్స్(6) అని పెట్టేవాడు. పిల్లల్లో ఎక్కువమంది మూడో మెట్టువాళ్ళే కాబట్టి ఈసారి అంతా ఐదులోకి మార్చండి అని పైనుంచి ఆదేశం. నేను బుద్ధిగా ఆరో కాలమ్‌లో అంకె తీసేసి ఎక్స్(5) అని వేశాను. ఆ అంకెను ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితాన్ని మోచేతి కింద పెట్టుకున్నాను. అప్పుడు ఫోన్ మోగింది.

మిగతాది మీరు ఊహించుకోగలరు.

ఫైలులో తనిఖీ షీటు ఒకటి ఉంటుంది. గడి ఖాళీగా ఉంటే ఎర్రగా మండిపడుతుంది. ఏదో ఒకటి ఉంటే ఆకుపచ్చగా చల్లబడుతుంది. నాది చివరిదాకా పచ్చగా ఉంది. పంట చేను కూడా అంత పచ్చగా ఉండదు. "అన్ని తనిఖీలూ పూర్తయ్యాయి" అని ఒక వాక్యం కూడా చేర్చి పంపాను. ఆ వాక్యం ఎవరూ అడగలేదు.

ఇక్కడ మా సార్ గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ఫైలులో చూసేది రెండే గడులు. ఒకటి, జీడీపీలో విద్య మీద ఖర్చు ఎంత శాతం అన్నది. 2015లో ఇంచియాన్ సదస్సు తర్వాత వచ్చిన కార్యాచరణ ప్రణాళికలో ప్రభుత్వాలు జీడీపీలో కనీసం 4 నుంచి 6 శాతం గాని, మొత్తం ప్రభుత్వ ఖర్చులో కనీసం 15 నుంచి 20 శాతం గాని విద్యకి పెట్టాలని రాశారు కదా, అప్పట్నుంచీ ఆ గడి అందరికీ ముద్దొచ్చింది. రెండోది, ఒక్కో విద్యార్థి మీద ఖర్చు. ఈసారి ఆ రెండో గడి చూసి ఆయన నన్ను పిలిపించి మరీ మెచ్చుకున్నారు. "చూశారా, ఎంత పెరిగిందో!" అన్నారు. పెరగదూ మరి! ఖర్చు ఖర్చులాగే ఉంది, కింద భాగించే పిల్లలు ఓ పట్టణం జనాభా అంతమంది మాయమయ్యారు. మొత్తం కూడే ఫార్ములాకి అక్షరాలు కనబడవు, అంకెలే కనబడతాయి. ఆ సంగతి నాకు తెలుసు. ఆ పూట మాత్రం తెలియలేదు.

మీటింగ్ వీడియోలో. అవతల పరిశీలకురాలు. చాలా మర్యాదస్తురాలు. నాకు అరిచేవాళ్ళంటే భయం లేదు, మర్యాదగా మాట్లాడేవాళ్ళంటేనే. "ఒకే ఒక్క చిన్న సందేహం" అందావిడ. ఇంకో నాలుగు దేశాలవాళ్ళు కూడా అదే మీటింగ్‌లో తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు నా ఫైలు తెర మీద పరిచింది.

"ఈ ప్రోగ్రాంలో పట్టాలు పొందినవాళ్ళున్నారు. చేరినవాళ్ళు మాత్రం లేరు. మీ దగ్గర చేరకుండానే పాసవుతారా?"

నేను నవ్వాను. హాస్యమనుకున్నాను.

ఆవిడ ఐదో కాలమ్ మీద నొక్కింది. ఎక్స్(6). అలాగా అని ఆరో కాలమ్‌కి వెళ్ళింది. ఎక్స్(5). మళ్ళీ ఐదుకి వచ్చింది. మళ్ళీ ఆరుకి వెళ్ళింది. ఒక్కసారి చూపిస్తే సరిపోయేది. మూడుసార్లు తిప్పింది. గానుగెద్దుకైనా ఎక్కడో ఒకచోట ఆగుదామనిపిస్తుంది, ఆ మౌస్‌కి అనిపించలేదు. బాణం గుర్తు అలా అటూ ఇటూ పోతుంటే నాలుగు దేశాలవాళ్ళ తలలూ టెన్నిస్ చూస్తున్నట్టు తిరిగాయి. ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"అయితే ఆ పిల్లలు ఎక్కడున్నారు?"

ఇక్కడ నిశ్శబ్దం. ఎంతసేపో చెప్పలేను, నాకైతే ఒక విద్యా సంవత్సరం. మనిషి బుర్ర ఇలాంటప్పుడు జవాబు తప్ప అన్నీ వెతుకుతుంది. నా బుర్ర ముందుగా ఆ పిల్లల్ని చూసింది. పుస్తకాల సంచులతో బారులు తీరి ఐదో నంబర్ కౌంటర్ ముందు నిలబడ్డారు. లోపలివాడు తలెత్తకుండా "ఆరులో అడగండి" అన్నాడు. ఆరుకి వెళ్తే అక్కడివాడు "ఐదులోనే ఇస్తారే, ఎవరు చెప్పారు మీకు?" అన్నాడు. ఈ రెండు కౌంటర్ల మధ్య నేను నా జీవితంలో ఎన్ని పూటలు పోగొట్టుకున్నానో లెక్క లేదు. ఆ వేషాలు వేసే గుమాస్తాలను ఎన్ని శాపనార్థాలు పెట్టానో అంతకన్నా లెక్క లేదు. తీరా చూస్తే రెండు కిటికీల్లోనూ నేనే కూర్చుని ఉన్నాను.

తర్వాత, ఏ సంబంధమూ లేకుండా, మొత్తం నమోదు నిష్పత్తి గుర్తొచ్చింది, అంటే ఆ చదువుకి తగిన వయసు పిల్లలు నూరుమంది ఉంటే తరగతుల్లో చేరినవాళ్ళు ఎందరన్న లెక్క. వయసు మించినవాళ్ళూ వయసు చాలనివాళ్ళూ కూడా ఆ తరగతుల్లో ఉంటారు కాబట్టి అది నూరు శాతం దాటవచ్చు. వెనకటికోసారి మా సార్ దాన్ని 104 అని చూసి, "నూటికి నూట నలుగురు ఎలా చేరతారండీ, ఆ నాలుగు తీసేయండి" అన్నారు. తీసెయ్యకూడదని అరగంట వాదించి నెగ్గాను. నలుగురిని కాపాడినవాణ్ణి, ఇప్పుడు ఊరికి ఊరినే పారేసుకున్నాను.

సార్ గుర్తొచ్చి ఆయన కిటికీ వైపు చూశాను. అప్పటిదాకా కెమెరా ఆన్‌లోనే ఉంది, తల పంకిస్తూ కనబడ్డారు కూడా. ఇప్పుడు నల్లటి చతురస్రం, మధ్యలో ఆయన పేరులోని మొదటి అక్షరం. "నెట్ సరిగ్గా రావడం లేదు" అని పక్కన చాట్‌లో ఒక ముక్క. నెట్ లేనివాడు చాట్‌లో ఎలా రాస్తాడని అడిగే హోదా నాకు లేదు.

ఇంక ఏదో ఒకటి అనాలి. "పొరపాటైంది, సరిచేసి పంపుతాను" అంటే అయిపోయేది. ఐదేళ్ళ పిల్లాడికి కూడా వచ్చే వాక్యం. కానీ ఇన్నేళ్ళ సర్వీసులో నా నోటికి అలవాటైన జవాబు వేరే ఉంది. ఏ పైఅధికారి ఎప్పుడు ఫోన్ చేసి "లెక్కలు ఎక్కడున్నాయి?" అని అడిగినా నేను చెప్పేది ఒకటే. ఆ లెక్కలు ఇంకా పుట్టకపోయినా సరే, అదే చెబుతాను. నోరు తన పని తాను చేసుకుపోయింది.

"దారిలో ఉన్నారు" అన్నాను.

ఇంగ్లీషులోనే అన్నాను గాని, తెలుగులో ఇంకా ఘోరంగా వినిపిస్తోంది.

"దారిలోనా?" అందావిడ.

"అవును. ఐదుకీ ఆరుకీ మధ్య."

చెప్పాక తోచింది, సాంకేతికంగా అది నిజమేనని. ఆ ఊపులో ఇంకో రెండు వాక్యాలు కూడా అన్నాను. త్వరలో చేరుకుంటారనీ, ఆందోళన పడనక్కర్లేదనీ. కళ్ళజోడు ఆయన మ్యూట్ పెట్టుకున్నాడు. ఆయన భుజాలు మాత్రం చాలాసేపు ఊగుతూనే ఉన్నాయి. ఆవిడ నవ్వలేదు. "ధన్యవాదాలు, నమోదు చేసుకుంటాను" అని ఏదో టైప్ చేసింది. మొత్తం ఫైలులో ఆ పూట సరిగ్గా నమోదైంది అదొక్కటే.

మీటింగ్ ముగిసి చెయ్యి తీస్తే మోచేతికి అంటుకుని కాగితం లేచింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇన్నాళ్ళూ సామెతనుకున్నాను. ఇక్కడ ఏకంగా ఒక పట్టణం పిల్లలు చెమటకి తడిసి, అంకెలు కొంచెం అలుక్కుపోయి దొరికారు. మూడో అంకె ఒకటా ఏడా అన్నది తేల్చుకోవడానికి మళ్ళీ ఆ సంస్థలన్నిటికీ ఫోన్లు చెయ్యాల్సి వచ్చింది. ఆ కథ వద్దు.

సార్ సాయంత్రం పిలిచారు. నెట్ బాగైందన్నమాట. "చూసుకోవాలి కదండీ" అన్నారు. నిజమే. ఆయన మొదట అడిగిన ప్రశ్న మాత్రం పిల్లల గురించి కాదు. "అయితే ఆ ఒక్కో విద్యార్థి ఖర్చు గడి మళ్ళీ తగ్గిపోతుందా?" అని. తగ్గిపోతుంది సార్ అన్నాను. ఆయన ముఖంలో అంత నిజమైన దిగులు నేనెప్పుడూ చూడలేదు. అప్పటికే పైవాళ్ళకి చెప్పేశారట.

మర్నాడు మినిట్స్ వచ్చాయి. అందరికీ వెళ్ళాయి, ఆ నాలుగు దేశాలవాళ్ళకీ కూడా. మూడో పేరాలో ఉంది. "వృత్తి విద్యా ప్రోగ్రాం విద్యార్థులు దారిలో ఉన్నట్టు సంబంధిత దేశం తెలియజేసింది. చేరుకున్న వెంటనే సమాచారం ఇస్తుంది." హాస్యానికి రాసిందా, నిజంగానే రాసిందా అన్నది ఆ వాక్యాన్ని పదిసార్లు చదివినా తేలలేదు. మా ఆఫీసులో మాత్రం తేలిపోయింది. మెట్ల మీద ఎదురైనవాళ్ళంతా "ఎంతదాకా వచ్చారు?" అని అడుగుతున్నారు. బదిలీ అయిన పాతాయన కూడా ఫోన్ చేశాడు. "నేను పోయినేడాది లాగానే అని రాశాను కదా" అన్నాడు. ఆ మనిషికి నేనేం చెప్పాలి!

సరే, సరిచేసిన ఫైలు నిన్న మధ్యాహ్నం పంపాను. ఈసారి పైన ఏ వాక్యమూ చేర్చలేదు.

ఇప్పుడే జవాబు వచ్చింది. పిల్లలు చేరుకున్నందుకు సంతోషమట. ఇంకో చిన్న సందేహమట, ఖర్చుల పట్టికలో. విద్యార్థుల రవాణా, భోజనం, వసతి వగైరాలు అనుబంధ సేవల కింద చూపించాలి కదా, మీ పట్టికలో ఆ గడిలో అంకె లేదు, ఇంతమంది ఇన్ని రోజులు దారిలో ఉన్నారు కాబట్టి అడుగుతున్నాం అని.

ఫైలు తెరిచాను. అనుబంధ సేవల గడిలో ఎక్స్(9) అని ఉంది. తొమ్మిదో కాలమ్ చూడాలంటే తెర కొంచెం కుడి పక్కకి జరపాలి. పావుగంటగా మౌస్ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను.